చెరొక డబ్బా

మా వైపు పంపకాలు చేసే పెద్దమనుషులకు లెక్క బాగా తెలుసు, పాట తెలియదు. తెలిసి ఉంటే మా నాన్నకూ పెదనాన్నకూ ఇల్లు పంచిన రోజు ఆ రెండు స్పీకర్ డబ్బాలను చెరొకటి ఇచ్చేవాళ్ళు కాదు. రెండు డబ్బాలు, ఇద్దరు అన్నదమ్ములు, ఇంక ఆలోచించేదేముంది? ఎడమది పెదనాన్నకు, కుడిది నాన్నకు. ఆంప్లిఫయర్ పెదనాన్న వాటాకు పోయింది, టేప్‌రికార్డర్ మా వాటాకు వచ్చింది. న్యాయం జరిగిందని అందరూ చాయ్ తాగి లేచారు. "చెప్పుల జత పంచినట్టు పంచిండ్రు" అని మా అమ్మ ఒక్కతే అంది. ఆమె మాట ఎవరు విన్నారు కనుక!

అవి కొట్లో కొన్న డబ్బాలు కావు. పెళ్ళిళ్ళు కాకముందు అన్నదమ్ములిద్దరూ ఒక ఎండాకాలమంతా వసారాలో కూర్చుని చేసినవి. పెదనాన్న వడ్రంగి. దమ్మపేట చుట్టుపక్కల ముసురు పట్టినా బిగుసుకోకుండా తెరుచుకునే తలుపు ఎక్కడైనా ఉందంటే అది ఆయన చేతిదే అయ్యుంటుంది. నాన్న బొగ్గుగనుల వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. టేకు పలకలు ఆయన కోశాడు, తీగలు ఈయన చుట్టాడు. ఒక్కో డబ్బాలో కింద పళ్ళెమంత పెద్ద స్పీకరు, పైన పిడికిలంత ట్వీటరు. బరువైన స్వరాలు పెద్దదానికి, సన్నని స్వరాలు చిన్నదానికి. ఏ స్వరం ఎవరికి పోవాలో విడదీసి పంపడానికి లోపల ఒక చెక్కముక్క మీద రాగితీగ చుట్టలూ కెపాసిటర్లూ ఉంటాయి. లోకమంతా దాన్ని క్రాసోవర్ అంటుంది. మా నాన్న మాత్రం దాన్ని 'పంపకం' అనేవాడు. "పంపకం మంచిగుంటే డబ్బాల లొల్లుండదు బిడ్డా" అంటూ నాకు మొదటిసారి సోల్డరింగ్ ఐరన్ పట్టడం నేర్పింది ఆయనే. సొంత ఇంటి పంపకం అయ్యాక మాత్రం ఆ మాట అనడం మానేశాడు.

ఆ విద్యతోనే నేను దమ్మపేటలో రిపేరు షాపు పెట్టుకున్నాను. టీవీలు, మిక్సీలు, ఆంప్లిఫయర్లు, పామాయిల్ తోటల మోటరు స్టార్టర్లు, ఏది తెచ్చినా చూస్తాను. మొదట్లో కొందరు షాపు ముందు నిలబడి "మీ ఆయన లేడా అమ్మా?" అని అడిగేవాళ్ళు. "ఉన్నడు, ఇంట్ల అన్నం వండుతుండు, పిలవనా?" అనేదాన్ని. ఇప్పుడు ఎవరూ అడగరు. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకుంటే అనుకోండి, చెప్పుకోవడానికి నాకు పని ఉంది మరి.

అన్నదమ్ముల మధ్య పగేమీ లేదు. పట్టింపు, అంతే. ఒకే గోడకు అటొకరు ఇటొకరు ఉంటారు, ఒకే చర్చికి పోతారు, ఒకే వరుసలో కూర్చుంటారు. కానీ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. నడుమ ఎవరో ఒకరు ఉండాలి. పెదనాన్న మూరెడు దూరంలో నిలబడి ఉన్నా సరే, నాన్న నా వైపు తిరిగి "మీ పెదనాయినకు చెప్పు, మోటరు బంద్ చెయ్యమని" అంటాడు. ఆయన కూడా నాకే జవాబు చెబుతాడు: "చేసిన్నని చెప్పు." చెప్పేదేముంది, ఇద్దరికీ వినపడుతూనే ఉంటుంది. నేను మధ్యలో తలకాయ ఊపుతూ నిలబడాలి. పంపకం అయిన కొత్తలో పరికిణీ వేసుకున్నప్పుడు మొదలైన ఉద్యోగం, తలలో తెల్లవెంట్రుకలు వచ్చినా నాకు రిటైర్మెంట్ లేదు.

ఒక్క డబ్బాతో ఏం చేస్తారు? నాన్న తన దాని మీద బట్ట పరిచి టీవీ పెట్టుకున్నాడు. పెదనాన్న తన డబ్బానూ ఆంప్లిఫయర్‌నూ చర్చికి ఇచ్చేశాడు. అక్కడ దాని ట్వీటర్ ఎప్పుడో కాలిపోతే, ఎవరో మెకానిక్‌ను పట్టుకొచ్చి బాగు చేయించారట. అప్పుడు నేను మా అత్తగారింట్లో ఉన్నాను. ఉంటే ముట్టనిచ్చేదాన్నా?

ఇక మా పెద్దమ్మ. పెదనాన్న భార్య. మా చర్చిలో పాట అంటే ఆమే. పుస్తకంలో పాటలు అందరూ పాడతారు. పెద్దమ్మ సొంతంగా కడుతుంది. నాట్లేస్తూ ఒక పాట, జీడిగింజలు ఏరుతూ ఒక పాట. అడవి వైపు గూడేల గుంపుల నుంచి వచ్చే కోయ ఆడవాళ్ళు ఆమె పాటలను తమ భాషలోకి మార్చుకుని తీసుకుపోతారు. కోత పండుగకు వాళ్ళు కొత్త వడ్ల కంకులతో పాటు "ఈ ఏడు పాటేంది పెద్దమ్మా?" అన్న ప్రశ్న కూడా పట్టుకొస్తారు. ఆమె నా సొంత పెద్దమ్మ అని చెప్పుకోవడానికి నేను చిన్నప్పుడు ఆమె చీరకొంగు పట్టుకుని మరీ నిలబడేదాన్ని. ఇప్పుడు కొంగు పట్టుకోను కానీ, పక్కనే నిలబడతాను.

పోయిన కోత పండుగకు ఆమె కట్టిన పాట 'చినుకు చినుకు చేరి సెలయేరాయె తండ్రీ' అని మొదలవుతుంది. చినుకు, చేరి, చేను, చల్లన, పాటంతా చకారాలే. ప్రాక్టీసు రోజున చర్చి ముందు వేపచెట్టు కింద మైకు లేకుండా పాడుతుంటే నా ఫోనులో తీసుకున్నాను. ఒళ్ళు జల్లుమంది. పండుగ రోజు మైకులో మొదలుపెట్టింది. మొదటి 'చినుకు' దగ్గరే డబ్బాలోంచి రేకు చింపినట్టు ఒక చప్పుడు వచ్చింది. 'చ' వచ్చిన ప్రతిచోటా అదే. ముందు వరుసలో ఎవరో చెవులు మూసుకున్నారు. వెనకాల పిల్లలు కిసుక్కున నవ్వారు. పెద్దమ్మ పాట ఆపలేదు, కానీ గొంతు తగ్గించుకుంటూ తగ్గించుకుంటూ పోయి చివరి చరణం తనలో తాను అనుకున్నట్టు ముగించింది. బెంచీ మీద కూర్చుని కొంగుతో మూతి తుడుచుకుంది.

మర్నాడు పోతే, చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. "నా గొంతు చినిగింది బిడ్డా. ఇగ నేను పాడ. వయసులున్నోళ్ళు పాడుకోనీ" అంది.

"గొంతు కాదు పెద్దమ్మా, ఆ డబ్బా చెడిపోయింది."

"డబ్బాకు నోరుందా, అబద్ధమాడనీకి? నేను ఎట్ల పాడితె అది గట్ల చెప్తది. గన్నేండ్లు మంచిగ చెప్పింది, అప్పుడు నమ్మిన. ఇప్పుడు చెడ్డగ చెప్తె నమ్మొద్దా?"

నా ఫోనులో ఉన్న పాట వినిపించాను. ఫోన్లో ఏం తెలుస్తుంది, దోమ పాడినట్టు ఉంటుంది. "అందులో ఎవరు పాడినా అట్లనే ఉంటది" అని తోసేసింది. ఆ ఆదివారం చర్చిలో అదే రికార్డును ఆంప్లిఫయర్‌కు తగిలించి పెట్టాను. అదే రేకు చింపిన చప్పుడు. పెద్దమ్మ నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. చూశావా, నేను చెప్పలేదా అన్నట్టు.

అప్పటి నుంచి ఆమె పాడలేదు. చర్చిలో పెదవులు కదిలేవి, అంతే. ఇంట్లో కూనిరాగం కూడా బందయింది. రొట్టెలు కొడుతూ, చాట చెరుగుతూ ఏదో ఒకటి పాడుకునే మనిషి నోరు కుట్టేసుకుంటే ఆ ఇల్లు ఎట్లా ఉంటుంది? "టీవీ గట్టిగ పెడుతున్న, ఇంట్ల సప్పుడుండాలె గదా" అన్నాడు పెదనాన్న ఒకరోజు నా షాపు ముందు నిలబడి. ఆయన అంతకంటే ఎక్కువ మాట్లాడే రకం కాదు.

కొత్త స్పీకర్లు కొనమని సలహా ఇచ్చినవాళ్ళు ఉన్నారు. కొంటే ఏమవుతుందో నాకు తెలుసు. కొత్తదాంట్లో బాగా వినపడితే "అది షోకు డబ్బా, ఎవరి గొంతైనా మంచిగనే చేస్తది" అంటుంది పెద్దమ్మ. ఏ డబ్బా ఆమె గొంతు చిరిగిందని చెప్పిందో, ఆ డబ్బానే చిరగలేదని చెప్పాలి. అది ఒక్కటే దారి.

చర్చిలో డబ్బా వెనక పలక విప్పాను. విప్పగానే నాకు వచ్చిన కోపం చర్చి కాబట్టి నోట్లోనే ఉండిపోయింది. ఊరేగింపుల్లో హోరెత్తించే డబ్బాలకు వేసే గట్టి ప్లాస్టిక్ ట్వీటర్ ఒకటి తెచ్చి పాత రంధ్రంలో జిగురుతో అతికించారు. పంపకం పలక లేనే లేదు. పీకి పారేశారు. బరువైన స్వరాలూ సన్నని స్వరాలూ అన్నీ కలిసి ఏళ్ళ తరబడి ఆ చిన్న ట్వీటర్ మీద పడితే అది ఎన్నాళ్ళని ఓర్చుకుంటుంది, చివరికి చకారం దగ్గర చిరక్క ఏం చేస్తుంది? ఎద్దు మోసే బస్తా మేకపిల్ల మీద వేశారు.

కొత్త ట్వీటర్ తెప్పించగలను. కానీ పంపకం ఎట్లా ఉండేదో చూడాలంటే దాని జత ఒక్కటే ఉంది లోకంలో. అది మా నాన్న టీవీ కింద ఉంది.

"ఎందుకు ఇప్పాలె?" అన్నాడు నాన్న, టీవీ మీద నుంచి చూపు తిప్పకుండా.

చెప్పాను. పెద్దమ్మ సంగతి ఆయనకూ తెలుసు. వదినంటే ఆయనకు గౌరవం, పాట మానేసిందని బాధ కూడా ఉంది. అయినా పట్టింపు ఎక్కడికి పోతుంది? "అంటే ఆయన డబ్బాకు కొత్త ట్వీటరు ఏస్తవు, కొత్త పంపకం కడ్తవు. నాదాన్ని చూసి రాసుకొని మళ్ల పాతదాంతోనే మూసిపెడ్తవు. గంతేనా? వాటా అంటే వాటానే. ఆయనదానికేం చేస్తె నాదానికీ గదే చెయ్యి."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "నువ్వు దానిమీద టీవీ పెట్టుకుంటివి గదా నాన్నా!"

"నా డబ్బా, నా ఇష్టం."

సరే మహానుభావా, రెండిటికీ చేస్తాను అన్నాను. నాన్న డబ్బా విప్పి చూస్తే లోపల పని ముచ్చటగా ఉంది. తీగ చుట్టలు ఒక్కచోట వదులు లేదు. కానీ కెపాసిటర్లు ఎండిపోయాయి. ఆ పాతరకం వాటిలో తడి ఉంటుంది, ఏళ్ళు గడిస్తే ఆరిపోతుంది. మీటరు పెడితే ఒకదాని విలువ దాని మీద రాసి ఉన్నదానికి దగ్గర్లో కూడా లేదు. ట్వీటరు కాగితం ఎండిన తమలపాకులా పెళుసెక్కింది. అంటే నాన్న డబ్బా కూడా ఆరోగ్యంగా ఏమీ లేదు, పని చెప్పకపోబట్టి రోగం బయటపడలేదు. ఆ మాట అంటే "నీకు బాగా నోరయింది" అన్నాడు. ఎవరి కూతుర్ని!

హైదరాబాద్ నుంచి పట్టుగుడ్డ గుమ్మటం ఉన్న ట్వీటర్లు తెప్పించాను, రెండూ ఒకే రకం, ఒకే పెట్టెలో వచ్చినవి. తడి లేని కొత్తరకం కెపాసిటర్లు. కొత్త ట్వీటర్ పాతదానికంటే గొంతు పెద్దది కాబట్టి, అది పెద్ద స్పీకర్ని దాటి అరవకుండా అణచడానికి రెసిస్టర్లు. ఇక రెండు పనులు నా చేతిలో లేవు. కొత్త ట్వీటర్ పాత రంధ్రానికి చిన్నది, దాని చుట్టూ ఒక చెక్క ఉంగరం కావాలి. పీకి పారేసిన పలకకు రాగి చుట్టలు కావాలి. ఉంగరానికి పెదనాన్న, చుట్టలకు నాన్న.

"నా డబ్బాకు చేస్త. మీ నాయిన డబ్బా సంగతి నాకు తెల్వది" అన్నాడు పెదనాన్న.

"నా డబ్బాల చుట్టలున్నయి. ఆయనదానికి నేనెందుకు చుట్టాలె?" అన్నాడు నాన్న.

అప్పుడు నాకు ఒళ్ళు మండింది. రెండిళ్ళకూ వినపడేటట్టు వాకిట్లో నిలబడి అరిచాను. "అక్కడ ఆమె నోరు మూసుకొని కూసుంటె మీరు ఇక్కడ వాటాలు మాట్లాడుతుండ్రా? మీ వాటాలు మీ నెత్తిన పెట్టుకోండ్రి! ఆమె పాట ఎవరి వాటానో ముందు అది తేల్చుండ్రి!" కొట్టంలో గేదె కూడా మేత ఆపి చూసింది. తలుపులు రెండూ మూసుకున్నాయి. మా అమ్మ "పిచ్చుకల మీద బ్రహ్మాస్త్రం ఏస్తివే" అని నవ్వింది.

రెండు రోజులు పోయాక పెదనాన్న నా షాపు బల్ల మీద ఉంగరాలు పెట్టి వెళ్ళాడు. ఒకటి కాదు, రెండు. ఒకే టేకు ముక్కలోంచి కోసినవి, చారలు కూడా కలుస్తున్నాయి. అవి నాన్నకు చూపించాను. తిప్పి తిప్పి చూశాడు, వేలితో అంచు రాశాడు. పాత మోటరు తీగ తీసుకుని కూర్చున్నాడు. "ఎన్ని చుట్లో నా చేతికి ఎరికే" అని బీరాలు పోయాడు కానీ మీటరు పెడితే తేడా వచ్చింది. "మీటరే తప్పు" అన్నాడు. ఇంకో మీటరు పెట్టాను. గొణుక్కుంటూ విప్పి మళ్ళీ చుట్టాడు. ఈసారి రెండు డబ్బాల చుట్టలూ అచ్చుగుద్దినట్టు సరిపోయాయి.

సోల్డరింగ్ అంతా నాదే. ఎవరినీ ముట్టనివ్వలేదు. ఒక్కో అతుకూ ముత్యంలా మెరిసింది. షాపులో పెదనాన్న డబ్బా ఒక్కదాన్నే పెట్టి విన్నాను. గొంతులు తేటగా, గాజు కడిగినట్టు ఉన్నాయి. నాన్నది ఒక్కదాన్నే పెట్టి విన్నాను. అదీ అంతే. పెద్దమ్మ పాట మాత్రం పెట్టలేదు. అది మొదట ఆమే వినాలి. షాపు ముందు పోతున్నవాళ్ళు ఆగి "ఏం సెట్టమ్మా ఇది?" అని అడుగుతుంటే నా ఛాతీ జానెడు పెరిగింది.

శనివారం మధ్యాహ్నం ఆడవాళ్ళు చర్చి ఊడ్చే వేళకు రెండు డబ్బాలూ ఆటోలో తీసుకుపోయాం. ఒకటి చాలు కదా అంటారా? నాకూ తెలుసు. కానీ అన్నీ సమానంగా చేయించుకున్న నాన్న, ఆ డబ్బా పక్కన తన డబ్బా వినపడకపోతే ఊరుకుంటాడా? "వినేదాంకనే. తర్వాత నా ఇంటికి రావాలె" అని షరతు పెట్టి తనే పట్టుకొచ్చాడు. వేదికకు అటొకటి ఇటొకటి పెట్టాం. ఇల్లు పంచిన తర్వాత ఆ రెండూ ఒక కప్పు కింద నిలబడటం అదే మొదటిసారి. పెద్దమ్మ చీపురు పక్కన పెట్టి మధ్య బెంచీ మీద కూర్చుంది. వచ్చింది నా ముఖం చూసి, నమ్మకంతో కాదు.

ముందు ఒక వాయిద్యాల పాట పెట్టాను, వేడెక్కుతుందని. పెట్టానో లేదో తేడా తెలిసింది. తబలా లేదు. అడుగు స్వరమంతా ఎటో పోయింది. మిగిలిన పాట ఎక్కడో పక్కింటి గోడ అవతల మోగుతున్నట్టుంది. షాపులో విడివిడిగా బంగారంలా మోగినవి, పక్కపక్కన పెట్టగానే డొల్లగా అయిపోయాయి.

"ఆయన డబ్బా పక్కకొచ్చినంక నా డబ్బా పాడయింది, చెప్పు మీ నాయినకు" అన్నాడు పెదనాన్న.

"నాదా? నాది సుద్ధం. ఆయనదే ముందు చెడిపోయింది, చెప్పు" అన్నాడు నాన్న.

పెద్దమ్మ లేచి చీపురు తీసుకుంది. "పోనీలే బిడ్డా. నువ్వు మస్తు కష్టపడ్డవు" అంది. ఆ జాలి నాకు తిట్టు కంటే గట్టిగా తగిలింది. "కూర్చో పెద్దమ్మా! ఎవరూ కదలొద్దు!" అని కేకేశాను. పెద్దమ్మ మీద కేకేసిన మొదటి మనిషిని మా ఊళ్ళో నేనే అయ్యుంటాను.

ఒక్కో డబ్బా దగ్గరికి పోయి చెవి పెట్టాను. దగ్గర నిలబడితే అడుగు స్వరం ఉంది. నడిమికి వస్తే లేదు. అప్పుడు వెలిగింది. ఆంప్లిఫయర్ తీగలు పీకేసి, రెండు డబ్బాల తీగలనూ ఒక్కచోట కలిపాను. ముందు జాలీలు ఊడదీసి, పెదనాన్నను ఆయన డబ్బా స్పీకరు మీద వేళ్ళు ఆనించమన్నాను, నాన్నను ఆయనదాని మీద. తీగల కొసలకు టార్చిలైటు బ్యాటరీ తాకించాను. టప్‌మని చప్పుడైంది.

"ఎటు పోయింది?"

"బయటికొచ్చింది" అన్నాడు నాన్న.

"లోపలికి పోయింది" అన్నాడు పెదనాన్న.

మళ్ళీ తాకించాను.

"బయటికే."

"లోపలికే అంటున్న గదా."

"ఏం లోపలికి? నా వేలు నూకింది, బయటికే!" నాన్న నా వైపు తిరగలేదు. అన్న వైపే తిరిగాడు. "నీకు వేళ్ళకు కూడా చెముడొచ్చిందా?"

"నీకే కండ్లు తిరుగుతున్నయి! లోపలికే పోతుంది, వచ్చి చూడు!"

"నువ్వే రా, ఇది చూడు!"

ఊడ్చేవాళ్ళు చీపుర్లు ఆపేశారు. నేను బ్యాటరీ పట్టుకుని నోరు తెరుచుకుని నిలబడ్డాను. వీళ్ళు ఇద్దరూ నేరుగా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం నేను పరికిణీ వయసు దాటాక మొదటిసారి వింటున్నాను, అదీ పోట్లాట. పైగా ఇద్దరు చెప్పిందీ నిజమే. ఒక డబ్బా గాలిని ముందుకు తోసినప్పుడు రెండోది వెనక్కి లాగుతోంది. ఎడముఖం పెడముఖం. ఒంటరిగా ఉంటే దేనికదే మంచిది. కలిసి పాడితే ఒకదాని పాటను ఒకటి మింగేస్తుంది.

పెదనాన్న డబ్బా వెనక తీగలు బిగించే ప్లేటును ఆ పాత మెకానిక్ తలకిందులుగా బిగించి పోయాడు. రంగులు వెలిసిపోయి ఎర్రదేదో నల్లదేదో తెలియదు. ఇన్నేళ్ళూ అది ఒక్కటే మోగింది కాబట్టి ఎవరికీ పట్టలేదు. జత విడదీయకపోతే ఆ తప్పు ఆ రోజే దొరికేది. పెద్దమనుషులారా, వింటున్నారా? ప్లేటు విప్పి సరిగ్గా బిగించాను. బ్యాటరీ తాకించాను.

"బయటికి" అన్నారు ఇద్దరూ.

ఇక వాయిద్యాలు పెట్టి సమయం పాడుచేయలేదు. నేరుగా పెద్దమ్మ పాట పెట్టాను.

చినుకు అన్న మాట చినుకులాగే పడింది. చిరుగు లేదు, గరగర లేదు. వయసు ఉంది ఆ గొంతులో, ఎందుకు ఉండదు, కానీ నిండుగా ఉంది. రెండు డబ్బాలూ అటూ ఇటూ నిలబడి ఉంటే గొంతు మాత్రం నడుమ నుంచి వస్తోంది, ఖాళీగా ఉన్న వేదిక మధ్యలోంచి, అక్కడ మనిషి నిలబడి పాడుతున్నట్టు. జత కుదిరితే అట్లాగే వస్తుంది. నాకు తెలుసు. తెలిసినా ఒళ్ళంతా పులకరించింది. నాన్న గోడ వైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

పెద్దమ్మ అటు డబ్బా చూసింది, ఇటు డబ్బా చూసింది, నడుమ చూసింది. "ఆ డబ్బాల లేను, ఈ డబ్బాల లేను. నడిమిట్ల ఉన్న" అంది. తర్వాత అన్నదమ్ముల వైపు చూసి, "ఇది ఎవరి వాటానయ్యా?" అని అడిగింది.

పాట అయిపోయింది. ఏం అంటుందా అని నేను ఆమె ముఖం చూస్తున్నాను. ఏడుస్తుంది అనుకున్నాను. నన్ను దగ్గరికి తీసుకుంటుంది అనుకున్నాను. మెచ్చుకుంటే ఎట్లా నిలబడాలో కూడా ఆలోచించుకున్నాను.

"ఆగు" అంది. "రెండో చరణం మళ్ల పెట్టు."

పెట్టాను. కళ్ళు మూసుకుని, వేళ్ళతో తొడ మీద తాళం వేస్తూ వింది. ఒకచోట వేలు ఆగింది, నొసలు ముడిపడింది.

"చూసినవా? పల్లవికి మళ్లినప్పుడు 'చేరి' కాడ ఊపిరి తెంపిన. మాట నడుమ తెంపుతరా ఎవరన్న? సిగ్గు లేకపోతె సరి."

"బాగానే ఉంది కదా పెద్దమ్మా" అన్నాను, కాస్త నొచ్చుకునే.

"నీకేం తెలుసు? గొంతు మంచిగనే ఉంది. తప్పు నాది. చినిగిన డబ్బాల నా తప్పు ఎట్ల వినొస్తది?" అని లేచింది. నడుం మీద చేయి వేసుకుని కొంగు దోపుకుంది. పండుగ ముందు ఆమె అట్లా దోపుకోవడం నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. "ఆ మైకు ఇటియ్యి."

ఇచ్చాను.

"ఏం గుడ్లప్పగించి చూస్తుండ్రు? చీపుర్లు కింద పెట్టి అందుకోండ్రి" అని ఆడవాళ్ళను గద్దించి పెద్దమ్మ పాట ఎత్తుకుంది. రెండో చరణం పాడి పల్లవికి మళ్ళింది. 'చినుకు చినుకు చేరి' దగ్గర ఆమె ఆగలేదు, ఒక్క ఊపిరిలో సెలయేటి దాకా పోయింది.